గడప తొక్కని బాపు

నాందేడ్

నా బంగారు రూపాలికి బాపు ఆశీస్సులు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. నీ సీమంతం నాడు ముఖేడ్ దాకా వచ్చి, చీర అరుగు మీద పెట్టి, గడప తొక్కకుండానే తిరిగిపోయాను. పూలు పెట్టుకుని ఊయలలో కూర్చున్న నిన్ను వాకిట్లోంచే చూశాను. కోపంతో కాదు బిడ్డా. ఆ పొద్దున హైదరాబాద్‌లో నాకు స్కాన్ తీశారు. దానికోసం నరంలోకి ఎక్కించిన మందు కిరణాలు విడుస్తుందట. "ఇయ్యాల కడుపుతో ఉన్నోళ్ల దగ్గరికి పోకు పెద్దాయనా" అంది నర్సు. అత్తింటివాళ్ల ముందు ఇదంతా ఎలా చెప్పను?

నాలుగేళ్ల కింద ప్రోస్టేట్ గ్రంథి తీసేసినప్పుడే పోయిందనుకున్న క్యాన్సర్ మళ్లీ వచ్చింది. పొత్తికడుపులో ఒకేచోట, కందిగింజంత గడ్డ. రైతుల గింజలు అమ్మిపెట్టే మా అడత్ దుకాణంలో బస్తా విప్పకుండానే ఇనుప గొట్టం గుచ్చి శనగలు చూసినట్టు, కోయకుండానే స్కాన్‌లో కనబడింది. ఆపరేషన్‌కు ముందు మళ్లీ అలాంటి మందే ఎక్కిస్తారు. లోపల చిన్న యంత్రం తిప్పితే ఆ గడ్డ దగ్గర కూత పెడుతుందట, అక్కడే తీస్తారట. ఆలస్యమై పాకితే ఈ ఆపరేషన్ కుదరదన్నాడు డాక్టరు. నీ పురుడు అయ్యాక వస్తానన్నాను. తొలికాన్పు పుట్టింట్లోనే చేయాలి కదా. నిన్ను కన్న అవ్వ నీ దగ్గరుంటుందా, ఆసుపత్రిలో నా దగ్గరుంటుందా? ఆమెకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు. భయంగానే ఉంది, అయినా ఆగుతాను.

నీ బాపు,
విశ్వేశ్వర్

ముఖేడ్

బాపూ,

ఏడ్చాను. తర్వాత ఒళ్లు మండింది. ఆ రోజు నలుగురూ గుసగుసలాడుతుంటే తల ఎత్తలేకపోయాను. నీ మనసులో ఏముందో నాకేం తెలుసు?

చెప్పొద్దన్నావు, నేను వినలేదు. నీ ఉత్తరం మా అత్త విమలాబాయికి చదివి వినిపించాను. కాగితం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టింది. తర్వాత, "పురుడు నేనే పోస్త. జనం ఏమన్న అననీ. మీ అవ్వను మీ బాపు ఎంబడి పొమ్మను" అంది. వెంటనే అవ్వకు ఫోన్ చేశాను. "ఇన్నేండ్లు కాపురం జేసి నాకే చెప్పడా?" అని అరిచింది. ఈ ఉత్తరం చేరేసరికి నీకు తిట్లు పడే ఉంటాయి. నీ స్కాన్ కాగితాలు వెతికి డాక్టరుకు తనే ఫోన్ చేసింది. వచ్చే మంగళవారానికి ఆపరేషన్ ఖాయం చేసింది.

నేను కాన్పుకు నాందేడ్ రావడం లేదు. బిడ్డను తీసుకుని వస్తాను. ఎత్తుకోవడానికి నువ్వుండు.

నీ బిడ్డ,
రూపాలి