లాప్‌టాప్‌లో కందిపువ్వు చానెల్ చూచు డ్యూటీ నుండి నన్ను బడికి పంపుట గురించి

వికారాబాద్ ప్రసార పరిశీలన కేంద్రమునకు కొత్తగా వచ్చిన అధికారి గారి సముఖమునకు,

తాండూరు నివాసి, కుల్కచర్ల మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు జంగప్ప వ్రాసుకొను అర్జీ.

విషయం: స్థానిక ఎన్నికల సందర్భమున కందిపువ్వు లోకల్ కేబుల్ చానెల్‌ను లాప్‌టాప్‌లో చూచుటకు నియమింపబడి, ఎన్నికలు ముగిసి, గెలిచినవారు ప్రమాణ స్వీకారము చేసి, ఓడినవారు కూడా మరచిపోయిన పిమ్మట, ఇంకనూ చూచుచున్న నన్ను పదవ తరగతి పరీక్షలకు ముందే బడికి పంపుట గురించి.

సూచిక: నేను ఇదివరలో పెట్టుకొనిన అర్జీలు. వాటికి జవాబులు రానందున జవాబుల సంఖ్యలు వ్రాయలేకపోతిని.

అయ్యా,

1. నేను ఈ డ్యూటీకి ఎట్లు ఎంపికైతినో ముందుగా మనవి చేసుకొనుచున్నాను. మా ఇంట్లో టీవీ తెర పగిలింది. కొత్తది తెచ్చేలోపు నా భార్య సత్యమ్మ సీరియళ్లు ఆగిపోరాదని వేలెడంత డబ్బీ ఒకటి తెప్పించి, సెట్‌టాప్ బాక్సు వైరును దానికి, దానిని నా లాప్‌టాప్‌కు తగిలించాను. బొమ్మ వచ్చింది. రికార్డు కూడా అయింది. సంబరం పట్టలేక మరుసటి రోజే స్టాఫ్ రూములో చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి తరువాత తెలిసింది.

కొద్ది రోజులకే ఎన్నికలు వచ్చాయి. లోకల్ చానెల్లో అభ్యర్థుల ప్రచారం ఏమేమి వస్తున్నదో చూసి, రికార్డు చేసి, రిజిస్టరులో ఎక్కించడానికి "స్వంత లాప్‌టాప్‌లో కేబుల్ టీవీ వచ్చు ఉద్యోగి" కావాలని ఈ కేంద్రం వారు అన్ని బడులనూ అడిగారు. వెతకగా వెతకగా అటువంటి ఉద్యోగి నేనొక్కడినే తేలాను. పిల్లలకు "ఎన్నికలు కాంగనే వస్త, అందాక చదివింది మర్వకుండ్రి" అని చెప్పి వచ్చాను. ఆ మాట ఇంకా నా నెత్తి మీదనే ఉన్నది.

2. సదరు డ్యూటీ స్వభావము: పొద్దున తాండూరులో రైలెక్కి వచ్చి, ఫోను గేటు దగ్గరి బుట్టలో వేసి, గోడకు ఎదురుగా కూర్చొనవలెను. కేబుల్ వైరు పొట్టిది గనుక కుర్చీ గోడకే ఉండవలెను. బోర్డు నుంచి చివరి బెంచీ దాకా, చివరి బెంచీ నుంచి బోర్డు దాకా తిరిగిన కాళ్లు ఇవి. ఒక్కచోట నిలవవు. లేస్తాను, కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. బల్ల కింద కాళ్లు వాటంతట అవే ఆడుతుంటాయి. పక్క బల్ల మేడం "సార్, జర కాళ్లు ఊపకుండ్రి, నా కంప్యూటర్ గూడ ఊగుతుంది" అన్నది. నేను సిగ్గుపడి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటే, ఇప్పుడు వేళ్లు ఆడుతున్నాయి.

ఎన్నికలున్నన్నాళ్లు చూడటానికి ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు కందుల రేటు వస్తుంది. పుట్టినరోజు శుభాకాంక్షలు వస్తాయి. చీరల దుకాణం ప్రకటన వస్తుంది, పోతుంది, మళ్లీ అదే వస్తుంది. బంట్వారం వైపు ఎవరిదో మేకపోతు తప్పిపోయింది. అది దొరికిన సంగతి కూడా నాకే ముందు తెలిసింది. ఇవన్నీ రిజిస్టరులో రాస్తున్నాను. ఎవరైనా చదువుతున్నారా అని ఒకనాడు రిమార్కుల గడిలో నా గోడు ఆటవెలదిలో రాసి పైకి పంపాను. "పరిశీలించడమైనది" అని ముద్ర పడి తిరిగివచ్చింది. నా పద్యానికి ఇంత క్లుప్తమైన విమర్శ ఇదివరకెన్నడూ రాలేదు.

3. నన్ను విడుదల చేయించుకొనుటకు ఇక్కడి సూపరింటెండెంటు సూర్యప్రకాశ్ గారిని అడిగితిని. ఆయన మంచివారే. వారికీ నాకూ నడచిన సంభాషణను ఉన్నది ఉన్నట్టు పొందుపరచుచున్నాను.

"సార్, గా కమిటీ వేసింది పాత సారు. ఆయన బదిలీ అయిండు. కమిటీ రద్దయింది."

"రద్దయితే నన్ను పంపుండ్రి."

"రద్దయిన కమిటీ ఎట్ల పంపుతది? సంతకం పెట్టనీకి మనిషి ఉండాలె గద."

"కొత్త సారున్నరు గద."

"ఆయనకు గీ కమిటీ చార్జి ఇయ్యలే. లేని కమిటీకి చార్జి ఎట్లిస్తరు?"

"అట్లయితే రేపటి సంది నేను రాను."

"రాకుంటే ఆబ్సెంట్ వేస్త సార్. హాజరు పట్టీ రద్దు కాలే."

నా ముఖం చూసి ఆయనకే జాలి కలిగినట్టుంది. "కూసోని టీవీ చూసే నౌకరి, మీకేం ఫికర్ సార్? మాకియ్యుండ్రి, మేం చూస్తం" అన్నారు. తీసుకొమ్మన్నాను. నవ్వి చాయ్‌కి పోయారు.

అయ్యా, తమ గది పై అంతస్తులో, సరిగ్గా నా నెత్తి మీద ఉన్నది. తమరు కుర్చీ జరిపితే నాకు వినిపిస్తుంది. అంత దగ్గర నుంచి నా అర్జీలు తమకు చేరకపోవడం చిత్రంగానే ఉన్నది.

4. ఇక అసలు బాధ. నేను లేని బడిలో పదవ తరగతి తెలుగు పీరియడు లెక్కల సారుకు ఇచ్చారు. ఆయన పాపం ఒళ్లు దాచుకోకుండా చెబుతున్నారు, కానీ గురులఘువులను కూడా కూడికలాగే చెబుతున్నారు. "మొత్తం ఎంతొచ్చిందో రాయుండ్రి" అన్నారట. సాయంత్రం రైలు దిగినాక ఫోనులో చెబుదామని చూశాను. ఫోన్లు తండ్రుల దగ్గర ఉంటాయి, తండ్రులు పనుల మీద ఉంటారు. ఒక్కరు దొరికితే పదిమంది దొరకరు. గురువుకు ఏ గుర్తు, లఘువుకు ఏ గుర్తు అన్నది చేత్తో గీసి చూపాలి గానీ చెవిలో చెబితే ఎక్కదు. పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. మాతృభాషలో తప్పారని నా పిల్లలను రేపు ఎవరైనా ఎగతాళి చేస్తే, ఆ తలవంపులు కందిపువ్వు చానెల్‌కు గాని, తమ కార్యాలయానికి గాని రావు. నాకొస్తాయి, వాళ్లకొస్తాయి.

5. మొన్న జరిగినది వ్రాయక తప్పదు. పుట్టినరోజు శుభాకాంక్షల కార్యక్రమానికి ఎవరైనా నేరుగా స్టూడియోకు పోయి చెప్పుకోవచ్చు. స్టూడియో తాండూరులో బండల పాలిషింగ్ మిషన్ల వెనుక ఒక రేకుల గది. చానెల్ నడిపే ప్రేమ్‌సాగర్ ప్రశ్నలడుగుతుంటాడు. వెనుక మిషను గర్రుమంటుంటుంది. ఆ రోజు తెర మీదికి మా పదో తరగతి రెబెక్క వచ్చింది. చేతిలో చుట్టిన చార్టు. పక్కన వాళ్ల నాయన యాకోబు. ఆయన బండల లారీ నడుపుతాడు. లోడుతో తాండూరు వస్తూ పిల్లను వెంట తెచ్చినాడు.

"చెప్పు బిడ్డా, ఎవరిది పుట్టినరోజు?" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"ఎవరిది కాదన్నా. మా తెలుగు సారు వికారాబాద్ ఆఫీసుల గీ టీవీనే చూస్తుంటడు. ఆయనను ఒకటి అడగాలె."

ప్రేమ్‌సాగర్ కంగారుపడి అంగీ గుండీ సర్దుకున్నాడు. సర్కారు తన చానెల్‌ను ఇంకా చూస్తున్నదని అతనికి భయం. నేను చూస్తున్నానని తెలిసిన దగ్గర నుంచి రోజూ గడ్డం గీసుకొని వస్తున్నాడు.

"జల్దీ అడుగు, లారీ తొవ్వకు అడ్డం ఉంది" అన్నాడు యాకోబు.

రెబెక్క చార్టు విప్పింది. "సార్, కష్టము అనే మాటకు నేను నడుమ అక్షరం గురువు అని పెట్టిన. జగణం వచ్చింది. లెక్కల సారు ఒప్పే అన్నడు. పుస్తకంల భగణం అని ఉంది. ఏది కరెక్టు సార్?"

అడిగి ఆ పిల్ల ఆగింది. కెమెరా వంక చూస్తూ నిలబడింది. నేను జవాబు చెబుతానని నిలబడింది.

నేను కుర్చీలోంచి లేచి, "నడుమది కాదు బిడ్డా. వత్తు అక్షరానికి ముందున్నదే గురువయితది. క గురువు. భగణమే కరెక్టు" అని గట్టిగా చెప్పాను. గదిలో అందరూ తలలు తిప్పారు. చూపుడువేలితో లాప్‌టాప్ తెర మీద గురువు గుర్తు కూడా గీశాను. రెబెక్క ఇంకా నా వంకే చూస్తున్నది. "సారు చూసిండమ్మా, తప్పక చెప్తడు" అన్నాడు ప్రేమ్‌సాగర్. చీరల ప్రకటన వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోను.

ఆ సాయంత్రమే యాకోబుకు ఫోను చేసి జవాబు చెప్పాను. ఒక్క సందేహానికి ఫోను చాలు, తరగతికి చాలదు. ఇక్కడ మాత్రం మరునాడు నాకు మెమో వచ్చింది. ఇన్నాళ్లకు ఈ కార్యాలయం నుంచి నాకు అందిన మొదటి కాగితం అదే. "పరిశీలకుడు ప్రసారముతో మాట్లాడరాదు" అని అందులో ఉన్నది. దాని మీద సంతకం ఉన్నది. మెమోకు దొరికిన సంతకం రిలీవింగుకు ఎందుకు దొరకదో నాకు బోధపడుట లేదు.

6. అప్పటి నుంచి మా పిల్లలకు దారి తెలిసిపోయింది. రోజూ ఎవరో ఒకరు చానెల్‌కు ఫోను చేస్తున్నారు. కందుల రేటు కాగానే ప్రేమ్‌సాగర్ వాళ్ల ప్రశ్న చదివి, "సార్, జర నోట్ చేసుకోండ్రి" అని కెమెరాకు దండం పెడుతున్నాడు. నేను నోట్ చేసుకొని రిజిస్టరులో "విద్యా సంబంధమైన ప్రసారం, అభ్యంతరకరం కాదు" అని రాస్తున్నాను. జవాబు నోట్లో ఉంటుంది, నోరు మూసుకొని ఉండాలి. అయ్యా, ఇరవై ఏండ్లు పాఠం చెప్పినవాడికి ఇంతకంటే శిక్ష లేదు. నన్ను సస్పెండు చేసినా ఇంత పరేషాన్ కాకపోదును.

7. కావున తమరు దయతో, లేని కమిటీకి ఉన్న అధికారిగా భావించుకొని అయినా సరే, నన్ను వెంటనే విడుదల చేసి బడికి పంపగలరని ప్రార్థన. లాప్‌టాప్ కావాలంటే ఉంచుకోండి. సత్యమ్మకు కొత్త టీవీ వచ్చింది.

ఇందలి మనవిని చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేనియెడల, కిందికి దిగివచ్చి ఒకమారు చూడవలెను.

కూర్చొని ఉన్నను నిలకడ లేని తమ విధేయుడు,
జంగప్ప,
తెలుగు ఉపాధ్యాయుడు, ప్రస్తుతం ప్రేక్షకుడు.

తా.క.: పై అర్జీ రాయడం అయిపోయింది గానీ నా మనసు కుదుటపడలేదు. పాత అర్జీలకు పట్టిన గతే దీనికీ పడుతుందని తెలుసు. అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. సోమవారం నుంచి పొద్దున కందుల రేటు అయినాక నేను తాండూరులో ప్రేమ్‌సాగర్ స్టూడియోలో నిలబడి పదో తరగతి తెలుగు పాఠం చెబుతాను. బడి ముందర చాయ్ హోటలు మొగులప్ప తన టీవీ బెంచీల వైపు తిప్పుతానని మాట ఇచ్చాడు. "చాయ్ తాగకున్నా సరే, కూసోనియ్యి" అంటే, "పోరగాండ్లు సదువుకుంటే నాకేం నష్టం సార్" అన్నాడు. పాలిషింగ్ మిషను ఆ కాసేపు ఆపుతారట.

నా మీద చర్య తీసుకుంటే తీసుకోండి. ఆ కాగితం మీద పెట్టే సంతకం ఎవరిదో, అదే చేత్తో నా రిలీవింగు కాగితం మీద కూడా పెట్టించండి.

ఇబ్బంది ఒకటే. ఆ వేళకు ఇక్కడ నా కుర్చీ ఖాళీగా ఉంటుంది. రిజిస్టరులో గడి ఖాళీ ఉండరాదని తమ నిబంధన. కనుక తమరే మెట్లు దిగి వచ్చి కూర్చోండి. లాప్‌టాప్ తెరిచి, వైరు డబ్బీకి గట్టిగా నొక్కి, కాసేపు ఆగండి. ముందు మాట వస్తుంది, వెనుక బొమ్మ వస్తుంది. నల్లగా ఉంటే పక్కన చిన్నగా తట్టండి.

అక్కడ నిలబడితే నేను పిల్లలకు కనబడతాను, పిల్లలు నాకు కనబడరు. ఎవరికి ఎక్కిందో, ఎవరు వెనుక బెంచీలో గుసగుసలాడుతున్నారో తెలియదు. ఎదుట ఒక్క మనిషైనా కుదురుగా కూర్చొని వింటున్నాడని తెలిస్తే పాఠం సాగుతుంది. ఆ మనిషి తమరే కావాలి. అర్థం కానిచోట చెయ్యెత్తండి. నాకు కనబడదు, అయినా ఎత్తండి.

తెర కింద ఒక ఫోన్ నంబరు పోతుంటుంది. నడుమ ఎప్పుడైనా దానికి ఫోను చేసి "జంగప్పను విడుదల చేసినం" అని ఒక్క మాట అంటే చాలు. పద్యం సగంలో ఉన్నా ఆపేసి కుల్కచర్ల బస్సు ఎక్కుతాను. మిగిలిన సగం పిల్లల ఎదుట నిలబడి చెబుతాను.