గోడ మీద నా పేరు

ఏమండీ, మీ మెకానిక్ షెడ్డుకు ఈ రోజు సున్నం కొట్టించాను. రేపటి నుంచి ఇక్కడ నా టైలరింగ్ షాపు. మీరు పోయాక ఈ ఏడాదంతా తిరిగి మీ అప్పులు తీర్చేశాను. మీరు ట్రాక్టర్లు బాగుచేసి గోడ మీద బొగ్గుతో రాసుకున్న బాకీలు రొంపిచెర్ల దాకా వెళ్లి వసూలు చేశాను. డబ్బు వచ్చిన ప్రతి పేరునూ మీలాగే అడ్డగీతతో కొట్టేశాను.

సున్నానికి వచ్చిన సుబ్బమ్మక్క మూలన ఉన్న ఆయిలు డబ్బాలు జరిపి ఒకటే నవ్వు.

"ఏందే, నీ పేరు కూడా రాశాడు! గాజులకు రెండొందలంట!"

కట్టుకున్న పెళ్లాం పేరు బాకీల్లో రాస్తారా ఎవరైనా? చానా కోపమొచ్చింది. అయినా అక్కడ సున్నం పడనివ్వలేదు.

ఆ రెండొందలు మాత్రం ఇవ్వను. ఏం చేసుకుంటారో చేసుకోండి.