తరాజు పళ్లాలు మార్చినట్టు

మంగళవారం, కోరుట్ల

చిన్నీ, నువ్వు పోయాక నీ నోటుబుక్కు ఎవరికీ ఇవ్వలేదు. ఈరోజు నీ ల్యాబ్ దోస్తు కవిత వచ్చింది. న్యూట్రాన్ అనే కంటికి కనిపించని రేణువులో విద్యుత్తు ఒకవైపు మొగ్గి ఉందా అని కొలిచే నీ ప్రయోగం, ఈ నోటుబుక్కు లేక ఆగిపోయిందట.

తెరిచి చూపించింది. కరెంటు ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి పెట్టి కొలవాలని రాశావట. పక్కనే "అమ్మ పసుపు తూకం" అని ఉంది.

"గిదేందమ్మా?"

"సేటు తరాజు మీద అనుమానముంటే, పసుపును అవతలి పళ్లెంలకు మార్చి మళ్ల తూస్తం బిడ్డా."

"గదే మా లెక్క!" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

రేపు తీసుకుపొమ్మన్నాను. నీ చేతిరాత ఇక ఇంట్లో ఉండదు. అందుకే నీ నోటుబుక్కు చివరి పేజీలో ఇది రాస్తున్నాను. కవితా, చదివేది నువ్వే కదా. మా చిన్ని పనిలో పడితే తినేది కాదు. నువ్వు వేళకు కడుపునిండా తిను.