కొండ లేచే ముందు

హకాటా,
జులై పద్నాలుగు, మధ్యాహ్నం.

చిరంజీవి చిగుసాకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నాన్న, నానమ్మ ఆరోగ్యంగా ఉన్నారు. పండుగ కదా, చాపలు కుట్టే కొట్టు మూసేశాం. ఎండ మండిపోతోంది. సాయంత్రమైతే ఉరుముతుంది గాని చినుకు రాలదు. నువ్వు పంపిన ఎండు నాచు అందింది. సగం ఇంటికి ఉంచి, సగం ఒగుషి గారింటికి పంపాను. వాళ్ళు తిరిగి పంపిన గిన్నెలో ఊరగాయ ఉంది కాబట్టి మనం మళ్ళీ ఏదైనా పంపాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబు రాస్తాను, లేకపోతే కబుర్లలో పడి మరిచిపోతాను. నానమ్మ మోకాలి వాపు తగ్గింది. నాన్న ఈ నెల మొదటి రోజు నుంచి మద్యం ముట్టుకోలేదు. అంత దూరాన హొక్కైడోలో ఉన్నదాన్ని, నేను కీరదోసకాయ తిన్నా తప్పేనా అని అడిగావు. అది నానమ్మకు చదివి వినిపించాను. "అడ్డంగా కోస్తే లోపల కనిపించేది దేవుడి గుడి ముద్ర. హొక్కైడోలో కోస్తే వేరే ముద్ర కనిపిస్తుందా? పండుగ అయ్యేదాకా నోరు కట్టుకోమను" అంది. మొన్న పక్కింటి కొత్త కోడలు, ఒసాకా పిల్ల, తెలియక వంటింట్లో కీరదోస తరుగుతుంటే వీధిలో పోతున్న నానమ్మ వాసన పట్టేసింది. "అమ్మాయ్, దేవుణ్ణి ఉప్పులో ఊరబెడుతున్నావా?" అని గుమ్మంలోంచే కేక వేసింది. పాపం, ఆ పిల్ల కత్తి జారవిడిచింది.

"మగవాళ్ళు చీకటితో లేచి కొండను మోసుకుని ఎందుకు పరిగెడతారు టీచర్?" అని నీ తరగతి పిల్లలు అడిగారన్నావు. వాళ్ళకు ఇలా చెప్పు. ఏడు వందల ఏళ్ళ కిందట ఒక వేసవిలో హకాటాను మహమ్మారి పట్టింది. ఏ సందులో చూసినా ఏడుపే. చైనాలో చదువుకుని వచ్చిన ఒక సన్యాసి, ఆకలి ప్రేతాలకు అన్నం పెట్టే బల్ల ఒకటి తెప్పించి, దానిమీద ఎక్కి కూర్చుని, "నన్ను మోయండి" అన్నాడు. కాళ్ళలో సత్తువ మిగిలినవాళ్ళు భుజం పట్టారు. ఆయన ప్రతి సందూ తిరిగి, ప్రతి గడప మీదా మంత్రజలం చల్లాడు. రోగం ఊరు విడిచిపోయింది. ఆ బల్లే పెరిగి పెరిగి, బొమ్మలు నిలిపి భుజాల మీద మోసే ఇప్పటి యమకాసా అయింది. మనం దాన్ని కొండ అంటాం. అంత బరువు మోస్తూ నడవడమే కష్టం కదా, పరుగెందుకని అడుగుతారేమో. రోగం ఆగలేదు కాబట్టి మోసేవాళ్ళూ ఆగలేదని చెప్పు.

రేపు తెల్లవారుజామున మీ నాన్న ఆ కొండ మీద, ముందు వరసలో నడుమ కూర్చుంటారు. చేతిలో ఎర్ర కర్ర ఉంటుంది. ఆ కర్ర ఎటు చూపితే మోసేవాళ్ళు అటు మళ్ళాలి. పెళ్ళయి నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాది ఆయన వెనక నుంచి తోసేవాళ్ళలో ఒకరు. తరవాత భుజం పట్టారు, తరవాత కొండ ముందు పరిగెత్తి దారి ఖాళీ చేయించారు. ఇన్నేళ్ళకు పేట పెద్దలు ఆయన పేరు చదివారు. ఆ రోజు నుంచి ఇంట్లో మాకు మనశ్శాంతి లేదు. చాపల దొంతరమీద కూర్చుని, విసనకర్ర ఝళిపిస్తూ, "అమ్మా, ఎడమకు! ఎడమకు!" అంటారు. నానమ్మ పళ్ళెంతో వంటింట్లోకి పోతూ, "నేను పుట్టినప్పటి నుంచీ ఎడమకే పోతున్నాను, అన్నం అటే ఉంది" అంటుంది.

ఇక నువ్వు ఉత్తరంలో మూడు చోట్ల అడిగిన మాట. మా పుట్టింట్లో, యొబుకోలో తాతయ్య ఎలా ఉన్నాడని.

మన కట్టుబాటు నీకు తెలుసు. చావు జరిగిన ఇంటి మగవాడు మైల తీరేదాకా కొండను తాకకూడదు. భార్య తండ్రి పోయినా అంతే. తాతయ్య మంచం పట్టినప్పటి నుంచి ఫోన్ మోగితే నాన్న చేతిలో పని ఆగుతుంది. నా వైపు చూడరు. నేను మాట్లాడి పెట్టేశాక, కూరలవాళ్ళనో ఇంకెవరోననో చెబితే, మళ్ళీ సూది కదులుతుంది. ఒగుషి గారు పేట పెద్ద. రోజూ గేటు దగ్గర ఆగి, "హరుయే గారూ, మీ నాన్నగారికి ఎలా ఉంది?" అని అడుగుతారు. ఆయన మంచివాడు, మనసులోంచే అడుగుతారు. కాని ఆ ప్రశ్నకు నేను ఏం చెబుతానన్న దానిమీద ఎర్ర కర్ర ఎవరి చేతికి వెళ్తుందో ఆధారపడి ఉంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "గంజి తాగుతున్నారు" అని చెబుతూ వచ్చాను. నిన్నటిదాకా అది నిజమే.

చిగుసా, ఇప్పుడు కూర్చుని చదువు.

ఈ ఉదయం నాన్న కొండ దగ్గరికి వెళ్ళిన కాసేపటికి ఫోన్ వచ్చింది. కోహెయి మామయ్య. "అక్కా, నాన్న పోయాడు" అన్నాడు. తెల్లవారుతుంటే కిటికీ తెరవమని, సముద్రం చూసి, "ఇవాళ వలకు మంచిరోజు" అన్నాడట. అంతే. నేను ఏమీ అనకముందే మామయ్య గొంతు తగ్గించి, "పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. నానమ్మ పెరట్లో ఉందన్నాను. "అయితే విను. బావ రేపు కొండ ఎక్కాలి కదా. నేను రేపు మధ్యాహ్నం మళ్ళీ చేస్తాను. ఇప్పుడు చెయ్యలేదనుకో. నాన్నను ఎల్లుండిదాకా ఉంచుతాం" అన్నాడు.

నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, మగవాళ్ళకు పంపాల్సిన అన్నపు ముద్దలు చుట్టడం మొదలుపెట్టాను. నానమ్మ తొంగిచూసి, "ఎవరు?" అంది. "బియ్యం కొట్టువాళ్ళు అత్తయ్యా" అన్నాను. ఇంటి లెక్కలో ఒక్క యెన్ తేడా వస్తే నిద్రపట్టని దాన్ని, ఈ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది. తరవాత చూస్తే ముద్దలకు ఉప్పు అద్దడమే మరిచిపోయాను. అన్నీ విప్పి మళ్ళీ చుట్టాను.

నీకు తంతి కొట్టలేదు. కొడితే నువ్వు పరుగున పోస్టాఫీసుకు వెళ్ళి ఇంటికి ఫోన్ చేస్తావు, నాన్న ఎత్తుతారు. అందుకే ఉత్తరం. ఇది నీకు చేరేలోగా కొండ లేచి దిగి ఉంటుంది.

సాయంత్రం నాన్న బట్టలు కట్టుకోవడానికి ఇంటికి వస్తారు. చెబితే ఆయన జీవితంలో ఈ ఒక్క ఉదయం పోతుంది, మళ్ళీ పేరు చదవరు. చెప్పకపోతే మైల పట్టిన మనిషిని నేనే దేవుడి నెత్తిన కూర్చోబెట్టినట్టు. కిందటేడు మలుపులో జారిపడ్డ కుర్రాడి కాలు ఇంకా సరిగా రాలేదు. రేపు ఎవరైనా పడితే ఊళ్ళో ఎవరూ నన్ను అనరు, ఎవరికీ తెలియదు కాబట్టి. నాకు మాత్రం తెలుసు. నీ తరగతి పిల్లలకు కథ రాస్తుంటే, ఆ సన్యాసి బల్ల ఎక్కింది చావు ఇళ్ళ ముందుకు వెళ్ళడానికే కదా, మరి చావు ఉన్న ఇంటిని ఇప్పుడు కొండ దగ్గరికి ఎందుకు రానివ్వరు అనిపించింది. కాని ఈ ఆలోచన ఇన్నేళ్ళూ రాకుండా ఇవాళే ఎందుకు వచ్చిందో కూడా నాకు తెలుసు. గేటు చప్పుడైంది. ఆపుతున్నాను.

జులై పదిహేను, రైల్లో.

అక్షరాలు వంకరగా ఉంటే రైలు కుదుపు అనుకో. స్టేషన్లో నీకు తంతి ఇచ్చాం. ఈ ఉత్తరం కంటే అదే ముందు అందుతుంది. కాని తంతిలో చావు తప్ప ఇంకేం పడుతుంది? అందుకని ఇది పూర్తిచేసి పంపుతున్నాను.

నిన్న వచ్చింది నాన్నే. స్నానం చేసి గోచీ గుడ్డ తెచ్చి నా చేతికిచ్చారు. అది ఒక్కరు కట్టుకునేది కాదు కదా. ముందు కొస ఆయన పట్టుకుంటే, వెనక నుంచి నేను మెలిపెట్టి పైకి లాగాలి. ఆయన వీపు నా వైపు ఉంది.

"ఇంకా బిగించు. పరుగులో ఊడిందంటే నా మనవళ్ళ దాకా చెప్పుకుని నవ్వుతారు."

లాగాను.

"ఇంకా."

కాలు ఆయన తుంటికి తన్నిపెట్టి లాగాను. అప్పుడు గోడ వైపే చూస్తూ, "యొబుకో నుంచి కబురేమైనా వచ్చిందా?" అన్నారు.

మెలిపెట్టిన గుడ్డ నా రెండు చేతుల్లో రాయిలా ఉంది. లేదు అంటే ముడి పడుతుంది. సందులో కుర్రాళ్ళు అప్పుడే కేకలు మొదలుపెట్టారు.

"వచ్చింది" అన్నాను.

ఆయన తిరగలేదు. "పోయారా?"

"పోయారు."

"ఎప్పుడు?"

"పొద్దున."

ఆయన పట్టుకున్న కొస వదిలేశారు. గుడ్డంతా వదులై నా చేతుల్లోకి వచ్చేసింది. పాత నూలు కిమోనో తగిలించుకుని గేటు దాకా వెళ్ళారు, గేటు దాటలేదు. ఆయన్ని తీసుకెళ్ళడానికి ఒగుషి గారు, పక్కన షిగెహరు వచ్చి నిలబడి ఉన్నారు. షిగెహరు నీకంటే రెండు తరగతులు పైన చదివాడే, బకెట్ల కొట్టు అబ్బాయి, వాడే. "ఒగుషి గారూ, మా ఇంటికి మైల వచ్చింది. కర్ర వీడికివ్వండి" అన్నారు నాన్న. కబురు ఎప్పుడు వచ్చిందని ఒగుషి గారు అడగలేదు. అడగకపోవడం నాకోసమే. నడుము వంచి, చాలాసేపు వంగే ఉండిపోయారు. షిగెహరుకు ఏడుపొక్కటే తక్కువ. "అన్నా, నేను ఎలా..." అన్నాడు. "ఏడవకు. గుడి మలుపు దగ్గర కుడివైపువాళ్ళు ముందు అలుస్తారు. కర్ర అటు చూపించు, పేరుపెట్టి తిట్టు. తిడితే లేస్తారు" అన్నారు నాన్న.

లోపలికి వచ్చాక అప్పుడు కోపం వచ్చింది ఆయనకు. "పొద్దున్నుంచీ ఒక్కదానివే మోశావా?" అన్నారు. "కొండ కింద ఒక భుజాన్ని ఎక్కువసేపు ఉండనివ్వం. ఇంకొకడు దూరి మార్చుకుంటాడు. నేను ఇంట్లో లేనా? నన్ను మార్చుకోనివ్వవా?" నాకు అప్పుడు ఏడుపు వచ్చింది, పొద్దున్నుంచి రానిది.

నానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "బియ్యం కొట్టువాడు అంతసేపు మాట్లాడతాడా అనుకున్నాను" అంది. "మళ్ళీ అడగలేదు. అడిగితే చెబుతావేమోనని భయమేసింది." చెప్పేసి, మాకు రైల్లోకి అన్నం మూటగట్టడానికి వెళ్ళింది. ఆమె నా ముఖం చూడలేదు, నేనూ ఆమె ముఖం చూడలేదు.

అమ్మాయ్, ఒకటి నీకే చెబుతున్నాను. నాన్న అడగకపోయి ఉంటే నేను చెప్పేదాన్ని కాదు. ముడి వేసి, వీపు తట్టి పంపేదాన్ని. అందుకు సిద్ధపడే గుడ్డ పట్టుకున్నాను. నేను నిజం చెప్పేసి తేలికపడ్డానని నాన్న అనుకుంటున్నారు. అనుకోనీ. నువ్వు మాత్రం మీ అమ్మను ఉన్నదానికంటే మంచిదనుకోవద్దు.

నేరుగా యొబుకోకు రా. నీ నల్ల కిమోనో నా పెట్టెలో ఉంది, నువ్వు అక్కడ వెతుక్కోవద్దు.

రైలు కదిలేసరికి మన పేట కొండ పరుగులో ఉండాలి. నాన్న చేతి గడియారం చూడలేదు, కిటికీలోంచీ చూడలేదు. ఊరు దాటాక, "మీ నాన్న నా గురించి ఏమనేవారు?" అని అడిగారు. ఇంక దాచడం ఎందుకని చెప్పాను: "ఒక పూట పరుగెత్తి ఏడాదంతా రొప్పే ఊరు అది, అలాంటి ఊరి మగాడికి నా కూతుర్నిచ్చాను, అనేవారు." నాన్న నవ్వారు. ఎదుటి సీటు ముసలావిడ ఉలిక్కిపడేంత పెద్దగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ టోపీ ముఖం మీదికి లాక్కున్నారు. భుజాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. నేను అటు జరిగి, భుజం ఆనించి కూర్చున్నాను.

సముద్రం కనిపిస్తోంది. అలల్లేవు.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న
మీ అమ్మ.