లీవరు కింద స్విచ్చి

అన్నా,

ఇప్పుడు బండి ఆగితే మెకానిక్కులం ముందు లాప్‌టాప్ తగిలిస్తున్నాం. నువ్వుంటే నవ్వేవాడివి.

ఈ మధ్యాహ్నం కణేకల్ దగ్గర వంకలో పూడిక తీస్తున్న ఎక్స్‌కవేటర్ ఆగిపోయింది. పైన ఎక్కడో వాన పడి వంకకు నీళ్లొస్తున్నాయి. తెర మీద ఎర్రగా ఒకే లోపం కనిపించింది: సేఫ్టీ లీవరు స్విచ్చి నుంచి సిగ్నల్ లేదు.

ఆపరేటర్ మాబు అరిచాడు. "వైర్లు రెండూ కలిపెయ్యప్పా! మీయన్న అయితే ఎప్పుడో గట్టెక్కిచ్చేటోడు."

నిజమే, నువ్వు స్విచ్చిని తప్పించి వైర్లు కలిపేవాడివి. ఆ రోజు అలా కలిపిన బండి కిందే పని చేస్తున్నావు. లీవరు ఎత్తే ఉంది, స్విచ్చి పనిచేస్తుంటే బకెట్టు కదలకూడదు. క్యాబిన్‌లో ఎవరి మోచెయ్యో తగిలింది, బకెట్టు కదిలి నీ మీద పడింది.

"కలపను" అన్నాను.

"నీళ్లు చైను కాడికి వచ్చినాయి!"

స్విచ్చి ప్లగ్గు ఊడదీస్తే లోపలంతా బురద. తువ్వాలుతో తుడిచి, నోటితో ఊది, గట్టిగా నొక్కి పెట్టాను. తెర మీద ఎరుపు పోయింది. మాబు బండిని నీళ్లలోంచి గట్టు మీదికి ఎక్కించాడు.

అతను దిగబోతుంటే ఆపి, లీవరు ఎత్తించాను. ఇంజను నడుస్తుండగానే బకెట్టు హ్యాండిల్ లాగి చూశాను. బకెట్టు కదల్లేదు.

మళ్లీ లాగాను. కదల్లేదన్నా.