గడప ముందు చైనా అక్షరం

ఎంకపల్లి

చెల్లె సువర్ణకు,

దేవుని దయ వల్ల ఇక్కడ అందరం బాగున్నాం.

పోయిన వారం నా గడప ముందు ముగ్గుతో చైనా అక్షరం వేసి, నాకూ నేర్పావు. "సగం వెయ్యక్కా, పక్కన అదే మళ్ల వెయ్యి. సంతోషం అని అర్థం" అన్నావు. మీ ఆయన పోయినప్పటి నుంచి ముగ్గు ముట్టని దానివి. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

నిన్న నా కూతురు వర్షిత ఫోన్‌లో చూసి, "అమ్మా, ఇది చైనాల పెళ్లింటి తలుపుకు అంటిస్తరట!" అన్నది.

నీకిది నేర్పింది నువ్వు పనిచేసే ఫాంహౌస్‌లో చైనా వంటలు చేసే నర్సింహేనా? మాటమాటకు అతని పేరే తెచ్చావు. పెళ్లి చేసుకున్నావా, చేసుకోబోతున్నావా? నేనేమంటానో అని దాచావా? రోజూ దీపం పెట్టి నీకోసమే కదా మొక్కుతున్నాను.

శుక్రవారం ఇద్దరూ రండి. ఈ పొద్దు ఆ అక్షరం నేనే వేశాను, రెండు సగాలూ.

నీ పెద్దక్క