కొబ్బరికాయ కుస్తీ

హైదరాబాద్,
ఫిబ్రవరి 3.

బద్రు తాతకి,

భాగ్యశ్రీ సలాములు. మెహబూబీ నానీని అడిగానని చెప్పండి.

ఈ కాలంలో ఉత్తరమేమిటని మీ పోస్ట్‌మ్యాన్ నవ్వుతాడేమో. ఏం చేయను? మీ అబ్బాయి ఇర్షాద్ కొనిచ్చిన ఫోన్‌ని మీరు కుట్టుమిషన్ సొరుగులో పెట్టి తాళం వేశారట. అది ఎంత మోగినా "లోపల్నే ఉన్నది కదా, యాడికి పోతది" అంటున్నారట. అందుకని పాత పద్ధతికే వచ్చాను.

మార్చి తొమ్మిదికి మా తాత పోయి ఏడాది. ఊరందరికీ భోజనాలు పెడదామన్నారు నాన్న. పెడదాం, కానీ తాతకి అది చాలదు. తెల్లారితే కుస్తీ తాలీంలో మట్టి, పగలంతా గిర్నీలో పిండి, పొద్దుగూకితే ఊరివాళ్ల పంచాయితీలు, ఇవే కదా ఆయన బతుకు. పెళ్లింటి పిండికీ చావింటి పిండికీ పైసా తీసుకోని గిర్నీ బాన్సువాడలో ఇంకోటి లేదని ఇప్పటికీ అంటారు. కనుబొమల దాకా తెల్లటి పిండితో గడపలో నిలబడి నవ్వే ఆయన, మొన్న కూడా నాకు కలలో వచ్చారు. గిర్నీ బెల్టు తిరుగుతున్న చప్పుడు కూడా వినిపించింది.

అందుకే గిర్నీ వెనక మైదానంలో ఆయన పేరు మీద కుస్తీ పోటీలు పెడుతున్నాం. మీకు రెండు పనులు. ఒకటి, ఐదు వందల కరపత్రాలు వేయించి బస్సులో పంపాను, పంచిపెట్టండి. రెండు, తాత బిచ్కుంద జాతరలో ఆఖరి కుస్తీ గెలిచి తెచ్చిన వెండి కడెం మీ దగ్గరే దాచారట కదా, దాన్ని ఇవ్వండి. పటం ముందు పెడతాం. "బిచ్కుంద వెండి కడెం విజేత భీంరావు పహిల్వాన్" అని ఇరవై అడుగుల ఫ్లెక్సీ కూడా చెప్పాను.

మీ మనవరాలి వంటిది,
భాగ్యశ్రీ

తా.క.: కరపత్రం రాసింది నేనే. మా ఆఫీసులో చేసినట్టు పెద్ద బహుమతిని, అంటే కొత్త వెండి కడేన్ని, అన్నిటికంటే పైన, కొబ్బరికాయని అన్నిటికంటే కింద వేయించాను. అందంగా వచ్చింది కదూ?


బాన్సువాడ,
ఫిబ్రవరి 8.

బిడ్డ భాగ్యశ్రీకి,

బద్రుద్దీన్ టైలర్ దువాలు. నా తెలుగులో తప్పులుంటే నన్ను అనకు, మీ తాతని అను. జొన్నలు పట్టేలోపు గిర్నీ పలక మీద నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే.

కరపత్రం చాలా అందంగా ఉంది. కొంప కూడా అంత అందంగానే మునిగింది. మన దగ్గర కుస్తీ ఎట్లా నడుస్తుందో నీకెవరూ చెప్పలేదా తల్లీ? మొదటి జోడీకి కొబ్బరికాయ. పొద్దు దిగుతున్న కొద్దీ బహుమతి పెరుగుతుంది. వెండి కడెం అన్నిటికంటే ఆఖర్న. కరపత్రం మీద ఏది పైన ఉంటే ఆ కుస్తీ ముందు జరుగుతుంది. అంటే నీ లెక్కన పొద్దున్నే పిల్లల జోడీకి ఐదు తులాల కడెం, సూర్యుడు మునిగేటప్పుడు దెగ్లూర్ పహిల్వాన్లకు ఒక కొబ్బరికాయ.

నేను కళ్లద్దాలు వెతుక్కునేలోపే టెంపో నడిపే రెడ్యా ఆ కాగితాలను బిచ్కుంద దాకా పంచేశాడు. నిన్నటి నుంచి నా దుకాణం ముందు తల్లుల వరస. ఒకటో తరగతి పిల్లలకు లంగోటాలు కుట్టాలట. "వెండి అంటున్నరు తాతా, జర గట్టిగ కుట్టు" అని ఒకామె. దెగ్లూర్ నుంచి ఓ పహిల్వాన్ ఖబురు పంపాడు: "ఏకా నారళాసాఠీ ఎవఢ్యా లాంబ్?" ఒక్క కాయ కోసం ఇంత దూరమా అని.

అయినా కొబ్బరికాయను నువ్వు మరీ కిందికి తోసేశావు. పెద్ద కుస్తీలు మానేశాక ఏటా మన జాతరలో మొదటి కాయ మా ఇద్దరిదే. ముప్పై ఎనిమిదేళ్లు పట్టాం. ముప్పై ఎనిమిదిసార్లూ మీ తాతని నేనే చిత్తు చేశాను, అల్లా సాక్షి. వెన్ను మట్టికి తాకాక ఆయన వెంటనే లేచేవాడు కాదు. "లే భీమా, జనం చూస్తుండ్రు" అంటే, "ఆగు బద్రూ, ఆకాశం మంచిగున్నది" అనేవాడు. ఓడిపోయిన మనిషి అంత హాయిగా పడుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

మిగతా ఏర్పాట్లు నాకు వదిలెయ్. ఫికర్ పడకు.

దువాలతో,
బద్రుద్దీన్

తా.క.: నీ వల్ల లంగోటాల గుడ్డ అయిపోయింది. ఇద్దరు పిల్లలకు పూల కర్టెను గుడ్డతో కుట్టాను. వాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు.


హైదరాబాద్,
ఫిబ్రవరి 13.

బద్రు తాతకి,

నమస్కారం. కరపత్రం తప్పు నాదే, లెంపలేసుకుంటున్నాను. కొత్తవి వేయించనా?

కానీ మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దెగ్లూర్ ఉంది, లంగోటా ఉంది, కర్టెను గుడ్డ కూడా ఉంది, కడెం గురించి ఒక్క ముక్క లేదు. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు రాశారు. పైగా మా తాతని ముప్పై ఎనిమిదిసార్లు చిత్తు చేశానని రాశారు. నిజమే కావచ్చు. పోయిన మనిషి సంవత్సరీకానికి గుర్తు చేసుకోవాల్సింది అదేనా? నాకు కష్టంగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

తాతా, కడెం పోయి ఉంటే పోయిందని చెప్పండి. అవసరానికి అమ్ముకున్నా ఫర్వాలేదు, మేమెవరం ఏమీ అనుకోం. ఫ్లెక్సీ అచ్చుకి వెళ్లేలోపు నిజం తెలిస్తే చాలు.

మీ
భాగ్యశ్రీ

తా.క.: కడెం కరిగించి మెహబూబీ నానీకి కాళ్ల పట్టీలు చేయించారేమోనని మా సుజాత అత్త అంటోంది. నేనైతే నమ్మలేదు. ఊరికే అడుగుతున్నాను, నానీకి పట్టీలున్నాయా?


బాన్సువాడ,
ఫిబ్రవరి 17.

భాగ్యశ్రీకి,

బద్రుద్దీన్ రాయునది.

అమ్ముకున్నానా? యాభై మూడేళ్లుగా ఆ కడేన్ని గుడ్డలో చుట్టి మిషన్ సొరుగులో పెట్టాను. పండగకో దినానికో చింతపండు పెట్టి తోముతాను. ఇర్షాద్ ఫోన్ సొరుగులో ఉందని కాదమ్మా తాళం, ఆ కడెం ఉందని. ఫోన్ దానికి తోడు.

ఇవ్వలేక ఇవ్వడం లేదు. ఎందుకో ఇవాళ చెప్తున్నాను. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి. మీ నాయనమ్మకు, మా లస్మవ్వ వదినకు, అసలు తెలియకూడదు.

ఆ ఏడు బిచ్కుందలో ఆఖరి జోడీ మేమిద్దరమే. ముందు వరసలో మీ నాయనమ్మ తండ్రి కూర్చున్నాడు. సంబంధం ఇంకా తేల్చలేదు. "గిర్నీ పిల్లగాడంటే మూటలు మోసుడేనా, దమ్ము సుత ఏమన్న ఉన్నదా, సూస్త" అని వచ్చాడు. భీంరావు కళ్లు మట్టి మీద లేవు, ఆ పెద్దమనిషి మీసాల మీద ఉన్నాయి. చేయి కలపగానే నాకు తెలిసిపోయింది, ఆ రోజు నేను ఎటు తోస్తే అటు పడేట్టున్నాడు. తోయలేదు బిడ్డా. నేనే పడ్డాను. నా కాలు జారిందని అందరూ నమ్మారు. ఆయనా నమ్మాడు. నెల తిరక్కుండా లగ్గమైంది.

మర్నాడే ఆ కడెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మా ఇంట్ల ఉంటే మా నాయిన అమ్ముతడు, నీ తాన పెట్టు" అన్నాడు. మళ్లీ ఎన్నడూ అడగలేదు. తన సొమ్మని మరిచిపోయిన మనిషి, నవ్వు వచ్చేది నాకు.

ఇప్పుడు నువ్వు ఇరవై అడుగుల ఫ్లెక్సీ కడతానంటున్నావు. మట్టికి మొక్కి లోపలికి దిగేవాణ్ణి, ఆ మట్టి ముందు అబద్ధం ఎట్లా నిలబెట్టను? నిజం చెబుదామంటే పోయినవాణ్ణి ఇంకోసారి ఓడించినట్టు అవుతుంది. పది రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. ఇదీ సంగతి. ఇప్పుడు ఏం చేయాలో నువ్వే చెప్పు.

బద్రుద్దీన్

తా.క.: నీ ఉత్తరం మెహబూబీకి చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. పట్టీలేవి, పట్టీలేవి అని మూడు రోజులుగా అడుగుతోంది.


హైదరాబాద్,
ఫిబ్రవరి 24.

బద్రు తాతకి,

నమస్కారాలు. ముందు నన్ను క్షమించండి, రెండు తప్పులకి. అమ్ముకున్నారా అని అడిగినందుకు ఒకటి. మీ ఉత్తరం నాయనమ్మకి చదివి వినిపించినందుకు ఇంకొకటి. ఇక్కడ మా ఇంట్లోనే ఉంది కదా, నా మొహం చూసి "ఏందే గట్ల ఏడుస్తున్నవ్" అని కాగితం లాక్కుంది. చదవడం రాదుగా, చదవమని కూర్చుంది.

అంతా విని ఏమందో తెలుసా? "గీ ముచ్చట నాకెరుకలేదా?" అంది. లగ్గమైన మూడో రోజే తాత ఆమెకు చెప్పారట: "నేను గెలువలేదు లస్మీ, బద్రు పడ్డడు. గా కడెం నేను తొడుక్కుంటే చెయ్యి కాలుతది. అందుకే వాని కడెం వానికే ఇచ్చిన."

మరి మీకెందుకు చెప్పలేదని అడిగాను. నాయనమ్మ తాత మాటలు ఆయన గొంతుతోనే అన్నట్టుగా చెప్పింది:

"చెప్తె బద్రు మనసు నొస్తది. నాకు తెల్వదనుకోనీ. నేను సుత పడుత, ఏటేటా పడుత. గంత పెద్ద కడెం కాడ పడితే జనానికి అనుమానమొస్తది. కొబ్బరికాయ కాడ అయితే ఎవ్వడు పట్టించుకోడు."

తాతా, ముప్పై ఎనిమిదేళ్లు. ఒక్క ఏడు కూడా మరిచిపోలేదాయన. నేను ఇది రాస్తూ మళ్లీ ఏడుస్తున్నాను, అక్షరాలు చెదిరితే మీరే కూడబలుక్కోండి.

ఫ్లెక్సీ మార్చాను. ఇప్పుడు దాని మీద "గిర్నీ భీంరావు" అని మాత్రమే ఉంటుంది. కరపత్రం మాత్రం మార్చను. కొబ్బరికాయ ఆఖర్నే ఉండనివ్వండి.

మీ
భాగ్యశ్రీ

తా.క.: నానీకి పట్టీలు నేను తెస్తున్నాను. కొలత పంపండి. సుజాత అత్త డబ్బులిస్తుంది, నోరు జారినందుకు.


బాన్సువాడ దవాఖాన,
మార్చి 11.

బిడ్డ భాగ్యశ్రీకి,

బద్రు తాత దువాలు. నువ్వు హైదరాబాద్ చేరావని ఇర్షాద్ చెప్పాడు. నాకు బీపీ లేదు, షుగర్ లేదు, ఎముక విరగలేదు. అయినా డెబ్బై ఆరేళ్ల మనిషి మైదానం నడిమధ్య పడ్డాడని రేపటి దాకా ఇక్కడే ఉండమన్నారు. నీళ్లచెంబుతో పరిగెత్తుకొచ్చి నూట ఎనిమిదికి ఫోన్ చేసిందానివి నువ్వే కాబట్టి, జవాబుదారీ నీదే.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మీ తాత మీద మండిపడ్డాను. చాయ్ హోటల్లో ఎంత మందికి గొప్పలు చెప్పుకున్నాను! ముప్పై ఎనిమిది కాయలూ ముష్టి కాయలేనా? మూడో రోజు మిషన్ మీద కూర్చుంటే ఉన్నట్టుండి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి ఏడ్చాను. మెహబూబీ ఏం తిన్నావని అడిగింది.

ఇక ఆ రోజు సంగతి. నీ కరపత్రం ప్రకారమే దెగ్లూర్ వాళ్లు పొద్దున్నే వచ్చి, గొణుక్కుంటూనే కొత్త కడెం కోసం పట్టారు. నడుమ కర్టెను లంగోటాల పిల్లలు దుమ్ము లేపారు. పొద్దు వాలింది. మైకులో బాలరాజ్ "కొబ్బరికాయ జోడీ ఎవ్వరు?" అన్నాడు. ఎవ్వరూ లేవలేదు. నేను కమీజు విప్పి దిగడం నువ్వు చూశావు. కుర్చీలో ఉన్న భీంరావు పటం మీద చిటికెడు మట్టి చల్లడమూ చూశావు. ఎదుటివాడి భుజాన మట్టి వేయనిదే మేము చేయి కలపం.

ఆ తర్వాత నేను కళ్లు తిరిగి పడ్డాననుకున్నారు అందరూ. లేదు తల్లీ. బుద్ధిపూర్వకంగా, రెండు భుజాలూ ఆనేట్టు, పడుకున్నాను. ఈసారి గెలిచింది వాడు.

కుస్తీ కోసం ఆ మట్టిలో కలిపిన పసుపు వాసన, మజ్జిగ వాసన ఇంకా ఉంది. జనం గోల ఎక్కడో దూరంగా పోయింది. గిర్నీలో ఎవరో మూటలు దులిపినట్టున్నారు, పిండి సన్నగా లేచి ఎర్రటి వెలుతురులో తేలుతోంది. దాని పైన కొంగలు వరస కట్టి మంజీర వైపు పోతున్నాయి. నువ్వు "తాతా, లేవండి, లేవండి" అని భుజం ఊపుతున్నావు. నీకు నేనేదో గొణిగానని, స్పృహ లేదని డాక్టరుతో చెప్పావట.

గొణగలేదు బిడ్డా. "ఆగు, ఆకాశం మంచిగున్నది" అన్నాను.

దువాలతో,
మీ తాత చేతిలో ఓడిన
బద్రుద్దీన్

తా.క.: పాత కడెం లస్మవ్వ వదినకే ఇచ్చేశాను, మేమిద్దరం పడింది ఆమె లగ్గం కోసమే కదా. చేతికి వదులైందట. కాలికి పెట్టి చూసిందట, రావడం లేదట.

ఇంకో తా.క.: కొబ్బరికాయ పటం ముందే ఉంది, ఎవరూ కొట్టొద్దని చెప్పాను. ఈ ఏడు నేను పడ్డాను. వచ్చే ఏడు పడాల్సింది వాడు. ఎట్లా వస్తాడో నేనూ చూస్తాను.